కయాక్‌లను మోసే మరబోటు: సాగర్, శ్రీశైలం వెనక జలాల్లో దూరపు గాలం వేట

నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. అప్పుడు నీళ్ళు దాదాపు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. కట్ట దగ్గర లాంచీ ఎక్కి ఎగువకు, శ్రీశైలం ఆనకట్ట దిక్కుగా పోతే వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఆ పైన మళ్ళీ శ్రీశైలం జలాశయం. 885 అడుగుల మట్టంతో, సాగర్ కంటే పెద్ద విస్తీర్ణంతో, సోమశిల, అమరగిరి, మంచాలకట్టల మీదుగా పాత మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణపు అంచును తడుపుతూ ఉంటుంది. ఇంత నీళ్ళున్నా గాలం పట్టుకున్న మనిషికి అందేది చాలా కొంచెం. రోడ్డు వచ్చి నీళ్ళను తాకే రేవులు, ఘాట్లు, గుడి మెట్లు, అంతే. అక్కడ పొద్దస్తమానం జనం తిరుగుతారు, బట్టలు ఉతుకుతారు, రాత్రయితే వలలు పడతాయి. మంచి చేప ఆ చోట నిలవదు.

చేప నిలిచే చోట్లు వేరు. వాగులు వచ్చి కలిసే మూలలు, మునిగిన చెట్ల మోళ్ళు, ముంపు ఊళ్ళ గోడలు, గుట్టల మధ్య నుంచి లోపలికి దూరిన సన్నటి పాయలు. కొర్రమట్టకు గడ్డి పెరిగిన లోతులేని నీళ్ళు కావాలి. వాలుగ పగలంతా మోళ్ళ నీడన పడి ఉండి, మసక చీకట్లో వేటకు కదులుతుంది. బొచ్చె, రవ్వ లాంటివి వాగు నీళ్ళు తెచ్చే మేత కోసం ఆ మూలలకు చేరతాయి. ఇలాంటి చోటికి ఇంజన్ బోటు నేరుగా పోలేదు. పోతే ప్రొపెల్లర్ మోడుకు తగులుతుంది, తగలకపోయినా ఆ చప్పుడుకు చేప చెదిరిపోతుంది. చిన్న పడవ చప్పుడు లేకుండా దూరగలదు కానీ, రేవు నుంచి అక్కడి దాకా తెడ్డు వేసుకుంటూ పోయేసరికి మనిషి చేతులు పడిపోతాయి.

పెద్ద బోటుకు దూరం చేతనవును, చిన్న పడవకు దగ్గరితనం చేతనవును. ఈ రెండింటినీ కలపడమే మరబోటు మీద కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, ఎక్కించుకుని వేటకు పోయే పద్ధతి. అమెరికాలో లూసియానా తీరానికి ఆవల ఉన్న షాండెలూర్ దీవుల దగ్గర, ఫ్లోరిడా దక్షిణ కొసన ఎవర్‌గ్లేడ్స్ మడ అడవుల్లో ఇది బాగా నడుస్తున్న పద్ధతి. కయాక్‌లను మోసే పెద్ద బోటును అక్కడ మదర్‌షిప్ అంటారు, అంటే తల్లి ఓడ. ఆ పేరులోనే ఈ పద్ధతి కిటుకు ఉంది. తల్లి బిడ్డను దింపి ఎటో వెళ్ళిపోదు, చూపు మేరలో ఉంటుంది. దక్షిణ తెలంగాణ నీళ్ళలో ఈ పద్ధతి గురించి ఆలోచించేటప్పుడు అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇదే.

గాలం వేట కయాక్‌ను చూడని వాళ్ళ కోసం కొంచెం వివరం. ఇది ఒక్కరు కూర్చునే ప్లాస్టిక్ పడవ. 11 నుంచి 13 అడుగుల పొడవు, మూడు అడుగుల లోపు వెడల్పు, 30 నుంచి 45 కిలోల బరువు. వేటకు వాడే రకంలో మనిషి పడవ లోపల కాకుండా పైన కూర్చుంటాడు. పైభాగం నుంచి అడుగు దాకా ఆరపార రంధ్రాలుంటాయి కాబట్టి మీద పడ్డ నీళ్ళు వాటంతటవే కిందికి పోతాయి. మనిషి, సామాను ఎక్కాక కూడా అర అడుగు లోతు నీళ్ళుంటే కదులుతుంది. కృష్ణ ఒడ్డు వాళ్ళకు ఈ లక్షణం కొత్త కాదు, పుట్టికి ఎప్పటినుంచో ఉన్నదే. వెదురు అల్లి తారు పూసిన పాత పుట్టి అయినా, ఇప్పటి ఫైబర్ పుట్టి అయినా జానెడు నీళ్ళలో తేలుతుంది. తేడా నడకలో ఉంది. గుండ్రటి పుట్టి తెడ్డు వేసినప్పుడల్లా తిరగబోతుంది, అలవాటైన చేయి ఉంటే తప్ప ముందుకు సాగదు. సన్నటి కయాక్ అదే బలానికి తిన్నగా, ఇంకా ఎక్కువ దూరం పోతుంది.

అంత తేలిగ్గా పోయే కయాక్‌కు కూడా హద్దు ఉంది. నిలకడ నీళ్ళలో ఓ మోస్తరు మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు నడపగలడు. వేట చోటు రేవుకు 20 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. తెల్లవారుజామున బయల్దేరినా చేప మేతకు వచ్చే మంచి వేళ దారిలోనే అయిపోతుంది. ఎదురుగాలి తగిలితే ఆ ఐదు కిలోమీటర్లు రెండుకు పడిపోతాయి. అదే దూరం మరబోటు గంటకు 20 కిలోమీటర్ల చొప్పున పోతే గంట పని. మిగిలిన ఆరు గంటలను గంటల లెక్కలో కంటే ఒంట్లో మిగిలిన బలంగా చూడటం సరైంది. అలసిపోయిన మనిషికి కయాక్ మీద ప్రమాదం జరిగే అవకాశం ఎక్కువ. పొద్దున తిన్నగా కూర్చుని గాలం విసిరినవాడే సాయంత్రం వంగిన నడుముతో, చెయ్యి ఆడక, చిన్న అలకే పక్కకు ఒరుగుతాడు. ఇంజన్ చేసే అసలు మేలు ఆ సాయంత్రపు బలాన్ని మిగల్చడం.

దింపి పోవడమా, ఆగి ఉండటమా

ఈ పద్ధతిలో రెండు రకాలున్నాయి. ఒకటి, బోటు కయాక్‌లను ఒకచోట దింపేసి వెనక్కి వెళ్ళి, చెప్పిన వేళకు మళ్ళీ వచ్చి ఎక్కించుకోవడం. రెండోది, వేట అయ్యేదాకా బోటు అక్కడే లంగరు వేసుకుని ఉండటం. మొదటిదానికి డబ్బు తక్కువ. ఆ బోటు మధ్యలో ఇంకో బేరం చూసుకోవచ్చు. ఖర్చు లెక్కలు వేసుకునేవాళ్ళకు మొదటిదే ముద్దొస్తుంది. అయితే సాగర్, శ్రీశైలం వెనక జలాల్లో మొదటి రకం పనికిరాదని గట్టిగా చెప్పాలి. కారణాలు చాలానే ఉన్నాయి, అన్నీ ఈ నేలకు, ఈ నీళ్ళకు సంబంధించినవే.

మొదటిది ఒడ్డు. మామూలు చెరువులో గాలి లేస్తే ఒడ్డెక్కి చెట్టు కింద కూర్చోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. కృష్ణకు ఎడమ ఒడ్డున నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల అడవిలో చాలా భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాష్ట్రం విడిపోక ముందు ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో ఉత్తర భాగం. కుడి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ వైపు ఇంకా ఆ పేరే. అనుమతి లేకుండా ఆ ఒడ్డున దిగడం, పొయ్యి వెలిగించడం, రాత్రి గుడారం వేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రిజర్వ్ హద్దు పడిన నీళ్ళలో గాలం వేయడానికి కూడా అదే చట్టం అడ్డొస్తుంది. కాబట్టి ఎక్కడ వేట కుదురుతుందో అటవీ శాఖను, మత్స్య శాఖను అడిగి తేల్చుకున్నాకే బోటు కదలాలి. తేల్చుకుని పోయినా అలసిన మనిషికి నేల అందుబాటులో లేదని అర్థం. అన్నం తినడానికి, నడుము వాల్చడానికి, ఎండ పూట నీడకు, చివరికి ఒంటికి రెంటికి పోవడానికి కూడా బోటే దిక్కు. ఆ బోటు వెళ్ళిపోతే కయాక్‌లో ఉన్నవాడికి ఎనిమిది గంటలు కాలు మోపే చోటుండదు.

రెండోది గాలి. అల ఎంత లేస్తుందన్నది గాలి జోరు మీద ఎంత ఆధారపడుతుందో, ఆ గాలి అడ్డు లేకుండా ఎంత పొడవు నీళ్ళ మీద నడిచిందన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. సన్నటి పాయలో ఆకు కూడా కదలని వేళ, మలుపు తిరిగి వెడల్పు నీళ్ళలోకి వచ్చేసరికి మోకాలెత్తు అలలు ఎదురవుతాయి. నల్లమల గుట్టల మధ్య నది సన్నబడిన చోట గాలి గొట్టంలోంచి వచ్చినట్టు దూసుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలిదుమారం లేవడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ముందు పడమట మబ్బు నల్లబడుతుంది, తర్వాత పావుగంటలో ధూళి, ఆ వెంటనే ఉరుములు. ఆ పావుగంటలో కయాక్ బోటు దగ్గరికి చేరాలి. బోటు 20 కిలోమీటర్ల అవతల ఉంటే చేరేదెక్కడికి?

మూడోది సెల్ సిగ్నల్. రేవు దాటి గుట్టల చాటుకు పోగానే ఫోన్ ఎందుకూ పనికిరాదు. రమ్మని పిలుద్దామన్నా పిలిచే దారి ఉండదు. లైఫ్ జాకెట్‌కు కట్టుకున్న విజిల్ ఒక్కటే నమ్మకం. విజిల్ వినబడాలన్నా బోటు ఇంజన్ ఆపుకుని కిలోమీటరు లోపలే ఉండాలి.

ఇక మొసళ్ళు. కృష్ణలో, ఈ జలాశయాల్లో మొసళ్ళున్నాయి. అవి పడవల వెంట పడతాయని భయపడాల్సిన పని లేదు, మనిషి అలికిడికి చాలావరకు తప్పుకునే పోతాయి. అయినా కయాక్ మీద కూర్చున్న మనిషి నీటికి అడుగు ఎత్తులోనే ఉంటాడు. కాళ్ళు నీళ్ళలో వేలాడేయడం, పట్టిన చేపలను తాడుకు గుచ్చి పడవ పక్కన నీళ్ళలో వదలడం ఇక్కడ చేయకూడని పనులు. పట్టిన చేపను వెంటనే ఐస్ పెట్టెలో వేయాలి, లేదంటే గాలం తీసి నీళ్ళలోకి వదలాలి. ఐస్ పెట్టె కయాక్ మీద పెద్దది పట్టదు, కాబట్టి అది కూడా బోటులోనే ఉండాలి. ఎటు నుంచి చూసినా బోటు దగ్గర్లో ఉండాల్సిందేనని తేలుతుంది.

బోటు ఎక్కడ ఆగాలన్నది కూడా లెక్క ప్రకారం ఉండాలి. గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో చూసి, వేట చోటుకు దిగువ గాలిలో, అంటే గాలి పోయే దిక్కున లంగరు వేయాలి. కయాక్‌లు ముందు ఎదురుగాలికి పోయి, వేటాడుతూ గాలివాటున వెనక్కి జారుతూ రావాలి. అలా అయితే తెడ్డు జారిపోయినా, చెయ్యి పట్టేసినా గాలే మనిషిని బోటు దగ్గరికి తెస్తుంది. పొద్దున ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు కష్టం, సాయంత్రానికి సుఖం. దీన్ని తలకిందులు చేసినవాళ్ళు, పొద్దున గాలివాటున హాయిగా తేలిపోయినవాళ్ళు, తిరుగు దారిలో ఎదురుగాలికి చిక్కుకుంటారు. కయాక్ వేటలో ఇది మామూలుగా, తరచుగా జరిగే తప్పు.

ఎక్కించడం, దింపడం

బోటు బరువు లెక్క చాలామంది తప్పుగా వేస్తారు. పది మంది ఎక్కే బోటు కదా, ఆరుగురం ఆరు కయాక్‌లతో పోదామనుకుంటారు. ఒక్కో వేటగాడి లెక్క చూద్దాం. మనిషి 75 కిలోలు, కయాక్ 35, తాగే నీళ్ళు, రాడ్లు, ఎరలు, తిండి కలిపి 15. మొత్తం 125. నలుగురైతే 500 కిలోలు. బోటు నడిపేవాడు, ఒక సాయం మనిషి కలిపి 150. అంటే నలుగురితోనే 650 కిలోలయింది. పైన ఇంధనం, లంగరు, ఐస్ పెట్టె. పది మంది బరువు 750 దగ్గర అనుకుంటే నలుగురు వేటగాళ్ళతోనే ఆ బోటు నిండినట్టు. పైగా మనుషులు కూర్చునే బరువు కింద ఉంటుంది, కయాక్‌ల బరువు ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల పైన ఉంటుంది. బరువు పైకి పోయేకొద్దీ బోటు ఒరగడం ఎక్కువవుతుంది. పక్కగాలి వీస్తే నిలబెట్టిన కయాక్‌లు తెరచాపలా గాలిని పట్టుకుంటాయి కూడా. అందుకే వాటిని బోల్తా తిప్పి, నడిమికి దగ్గరగా, రెండు వరసలకు మించకుండా పేర్చి, వదులు లేకుండా బెల్టులతో బిగించాలి. గాలాలన్నీ ముందే విప్పి డబ్బాలో పెట్టాలి. ఊగే బోటులో వేలాడే గాలం ఎవరి చేతికో, కంటికో తగులుతుంది.

బోటు మీద పట్టవు, వెనక తాడు కట్టి లాక్కుపోదామంటారు కొందరు. ఖాళీ కయాక్‌ను నెమ్మదిగా, నిలకడ నీళ్ళలో, కొద్ది దూరం లాగొచ్చు. మనిషిని కూర్చోబెట్టి మాత్రం లాగకూడదు. లాగుడు తాడు పక్కకు గుంజితే కయాక్ క్షణంలో బోర్లాపడుతుంది, తాడు కాలికి చుట్టుకుంటే మనిషి పైకి తేలే వీలుండదు. ఖాళీదైనా వేగం పెంచితే ముక్కు నీళ్ళలోకి దూరుతుంది. మూతలు సరిగా లేక లోపలికి 200 లీటర్ల నీళ్ళు పడితే అది 200 కిలోల బండ. దాన్ని లాగబోయి బోటు వెనక భాగమే కుంగుతుంది.

దింపేటప్పుడు పాటించాల్సిన నియమం ఒకటుంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: నీళ్ళలో మనిషి ఉన్నప్పుడు, కయాక్ బోటుకు ఆనుకుని ఉన్నప్పుడు ఇంజన్ పూర్తిగా ఆపాలి. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు. ఎవరి మోచెయ్యో తగిలి గేర్ పడితే ప్రొపెల్లర్ మనిషిని చూడదు. ఆపాక, గాలికి చాటైన పక్క నుంచి కయాక్‌ను ముక్కు ముందుగా నీళ్ళలోకి జార్చాలి. ఇద్దరు దాన్ని బోటుకు ఆనించి పట్టుకోవాలి. దిగేవాడు నిలబడకుండా, బోటు అంచున కూర్చుని, నడుము కిందికి దించి నేరుగా కయాక్ నడిమి సీట్లోకి జారాలి. సామాను తర్వాత అందించాలి. లైఫ్ జాకెట్ బోటులో ఉన్నప్పుడే వేసుకుని, బకిల్స్ పెట్టుకుని ఉండాలి. ఈత వచ్చు కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. డిసెంబర్ తెల్లవారుజామున చల్లటి నీళ్ళలో బట్టలతో, బూట్లతో పడ్డప్పుడు మొదటి నిమిషం ఊపిరి అందకపోవచ్చు. ఆ నిమిషాన్ని దాటించేది జాకెట్టే.

ఇంధనానికి బోటు వాళ్ళ పాత లెక్కే మంచిది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్ పూర్తి జోరులో గంటకు దాదాపు 15 లీటర్ల పెట్రోల్ తాగుతుంది, నెమ్మదిగా పోతే అందులో సగం. 20 కిలోమీటర్ల చోటికి పోయి రావడానికి 16 లీటర్లు అనుకుంటే ట్యాంకులో 24 ఉండాలి. తప్పిపోయిన కయాక్‌ను వెతకాల్సి వస్తే కాలేది ఆ చివరి ఎనిమిది లీటర్లే.

నీళ్ళు తెలిసినవాళ్ళు

సాగర్ వెనక జలాల్లో నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ ఉంది. ప్రాజెక్టు కాలంలో విశాఖ దిక్కు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వల్ల ఆ ఊరికి ఆ పేరు. చేపల వేటే బతుకు, ఇప్పుడు చేపల వేపుడు తినడానికి, బోటు ఎక్కడానికి నల్గొండ, హైదరాబాద్‌ల నుంచి జనం పోతున్నారు. కొల్లాపూర్ దిక్కున సోమశిల, అమరగిరి కూడా అలాంటివే. ఈ ఊళ్ళ జాలర్లకు ఏ గుట్ట పక్కన మోళ్ళున్నాయో, 560 అడుగులకు నీళ్ళు తగ్గితే ఏ రాయి బయటపడుతుందో, ఏ మబ్బుకు గాలి వస్తుందో, ఏ మబ్బు ఊరికే పోతుందో తెలుసు. ఏటా పదుల అడుగులు ఎక్కి దిగే జలాశయంలో నిరుడు ఉన్న దారి ఈ ఏడు ఉండదు. సంగమేశ్వరం గుడి ఏటా వేసవిలో నీళ్ళలోంచి బయటపడి, వరదకు మళ్ళీ మునగడం అందరూ చూస్తున్నదే. అలా మునిగి తేలే గోడలు, గట్లు, చెట్లు ఇంకెన్నో ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ నీలం రంగు చూపిస్తుంది, ఆ నీలం కింద ఏముందో చూపించదు. అందుకే తల్లి బోటు నడపాల్సింది ఆ ఊరి మనిషే. పట్నం నుంచి బోటు, కయాక్‌లు, నడిపేవాడు అన్నీ తెచ్చుకునే ఏర్పాటు చూడటానికి సొగసుగా ఉంటుంది గానీ, అందులో నీళ్ళు తెలిసినవాడు ఒక్కడూ ఉండడు.

ఇందులో న్యాయం మాట కూడా ఉంది. ఈ చేపలు ఎవరివో అన్న ప్రశ్న ఇక్కడ ఎప్పుడూ రగులుతూనే ఉంది. శ్రీశైలం వెనక జలాల్లో అలివి వలల గొడవ తెలిసిందే. దోమతెర లాంటి సన్నటి కంటి వలతో వేలెడంత పిల్లను కూడా ఊడ్చేస్తే, లైసెన్సు తీసుకుని పెద్ద కంటి వల వేసే జాలరికి మరుసటి ఏడు ఏమీ మిగలదు. సర్కారు వదిలిన చేపపిల్లలు కూడా ఆ వలల్లోనే పోతున్నాయి. అలాంటి చోటికి సరదా వేటకు పోయేవాళ్ళు తమ గాలం వల్ల ఎవరికి నష్టమో చూసుకోవాలి. గాలానికి పడే చేపలు ఆ నీళ్ళకు లెక్కలోవి కావు. నష్టం వేరే చోట ఉంది. జాలర్లు సాయంత్రం కట్టిన వల పొద్దున తీస్తారు. గాలం ఆ వలకు చిక్కుకుంటే కత్తితో కోసి పోయేవాళ్ళున్నారు. ఆ ఒక్క కోతతో ఒక ఇంటి వారం కష్టం పోతుంది. గాలం దారమే తెంపుకోవాలి, వలను ముట్టుకోకూడదు. వల బెండ్లు కనబడిన చోట గాలం వేయకుండా ఉండటం ఇంకా మంచిది. ఊరి మనిషే బోటు నడుపుతుంటే ఏ వల ఎవరిదో ఆయనకు తెలుసు, ఈ తగువు పుట్టదు.

కొర్రమట్ట గురించి ఒక మాట. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. పిల్లలు పైకి తేలి గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, దగ్గరికొచ్చిన దేన్నైనా కొరుకుతాయి. ఆ గుంపు మీద రబ్బరు కప్ప ఎరను విసిరితే పెద్ద చేప పడటం చాలా తేలిక. అలా పట్టిన మరుక్షణం ఆ పిల్లల గుంపును జిలేబీలు, జెల్లలు అనే వేరే చేపలు తినేస్తాయి. నీటి మీద ఎర్రగా గుంపు కనబడితే గాలం పక్కన పెట్టి చూస్తూ ఉండటం మంచిది, కయాక్ ఇచ్చే దగ్గరితనంలో అది చూడటానికి కూడా చాలా బాగుంటుంది.

అనుమతుల విషయం బోటు యజమానికి చిరాకు అనిపించవచ్చు. కానీ ఈ నదుల మీద ఆ అనుమతుల వెనక పోయిన ప్రాణాలున్నాయి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర నది దాటుతూ పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంజన్‌తో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. చేపల బోటుకు ఉన్న కాగితం మనుషులను డబ్బుకు ఎక్కించుకోవడానికి సరిపోదు. ఇన్సూరెన్స్ కూడా అంతే. నది నడిమి గీత దాటితే రాష్ట్రం మారుతుంది, మత్స్య శాఖ మారుతుంది. వేట మొదలుపెట్టే ముందు ఏ గట్టు వైపు ఉండాలో బోటు మనిషికి, కయాక్‌ల వాళ్ళకు ఒకే మాట తెలిసి ఉండాలి.

కాలం సంగతికొస్తే, జూలై నుంచి అక్టోబర్ దాకా వరద. చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా అదే, వేట ఆపాల్సిన రోజులు అందులోనే ఉన్నాయి. గేట్లు ఎత్తితే నీళ్ళు నిమిషాల్లో మారతాయి. సాగర్ ఎగువ కొసన, శ్రీశైలం కట్ట దిగువన అయితే వరద లేకపోయినా జాగ్రత్త అవసరం. అక్కడ ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి కరెంటు తీసేటప్పుడు నీళ్ళు వదులుతాయి, శ్రీశైలంలోకి వెనక్కి తోడేటప్పుడు లాక్కుంటాయి. నిలకడగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ప్రవాహం అవుతాయి, కయాక్‌కు ఆ చోటు తగదు. వేసవిలో దుమారాలు. మిగిలింది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. గాలి తక్కువ, నీళ్ళు తేట, మోళ్ళు ఇంకా మునిగే ఉంటాయి. పొద్దున పొగమంచు ఒక్కటే ఇబ్బంది, అది తేలేదాకా రేవులో ఆగితే సరిపోతుంది.

ఆ నాలుగు నెలల్లో ఇంకో ఇబ్బంది పగలు చిన్నది కావడం. డిసెంబర్‌లో ఐదూ ముప్పావు కల్లా పొద్దు గుంకుతుంది. 20 కిలోమీటర్ల తిరుగు ప్రయాణం గంట. మోళ్ళున్న నీళ్ళలో చీకట్లో మరబోటు నడపకూడదు కాబట్టి ఆ గంట వెలుతురులోనే పూర్తి కావాలి. అలసిన చేతులతో నాలుగు కయాక్‌లను ఎక్కించి, కట్టి, తలకాయలు లెక్కపెట్టడానికి అరగంట. ఎవరైనా ఆలస్యమైతే వెతకడానికి ఇంకో అరగంట చేతిలో ఉంచుకోవాలి. అన్నీ కూడితే చివరి కయాక్ బోటు పక్కకు రావాల్సిన వేళ మధ్యాహ్నం మూడూ ముప్పావు. వాలుగ కదిలే సందె వేళను వదులుకోవాల్సిందే. అందుకే ఈ వేటలో పొద్దునే ముఖ్యం. మంచు తేలగానే బోటు రేవు విడవాలి, మొదటి గాలం ఎనిమిదిలోపు నీళ్ళలో పడాలి.